పందిరి చాటున చెయ్యి

“మీ పందిరి తీసేస్తే తప్ప లాభం లేదండీ అక్కగారూ. నేను చెయ్యి అడ్డం పెట్టినా రాజోలు బస్సోడికి కనపట్టం లేదు.”

“కనపడకపోతే ఓ పీటెక్కి నిలబడండి అన్నగారూ. మధ్యలో నా పందిరేం చేసింది?”

“ఆయ్, ఈ వయసులో మళ్ళీ పీటలెక్కమంటారేంటండీ!” అన్నాడు నడిరోడ్డు మీంచి పోలీసాయన.

ఇడ్లీలు తింటున్నవాళ్ళు పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అమలాపురంలో నాలుగు రోడ్లు కలిసే చోట, మూలమీద కొట్టు మాది. రోడ్డు మీదికి దించుకున్న ఆ తాటాకు పందిరే మా బతుకు. ఆ నీడ లేకపోతే ఎవరూ కూర్చుని తినరు. రోజూ ఇదే గొడవ. ఆ పోలీసాయనకి చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది.

బొగ్గుతో నడిచే బస్సులు పోయి పెట్రోలు బస్సులు వచ్చిన కొత్త. ఎర్రదీపాలూ పచ్చదీపాలూ మేమెరగం. నడిరోడ్డు మీద నిలబడ్డ పోలీసు చెయ్యి అడ్డం పెడితే ఆగాలి, ఊపితే కదలాలి. అంతే.

ఆ మధ్యాహ్నమే మా ఆయన కావిడితో కాలవ నీళ్ళు తెస్తున్నారు. పోలీసాయన బస్సు వైపు ఒక చెయ్యి అడ్డం పెట్టి, రెండో చేత్తో ఈయన్ని రమ్మన్నాడు. ఈయన సగం దాటేసరికి పందిరి పక్కనుంచి బస్సు దూసుకొచ్చింది. కావిడి వదిలేసి వెనక్కి పడ్డారు. బస్సు రెండు బిందెల్నీ తొక్కి ఆగింది.

డ్రైవరు దిగి లబోదిబోమన్నాడు. “చెయ్యెప్పుడు పెట్టేరండీ? నాకు తాటాకులు తప్ప ఏం కనపళ్ళేదు!”

మా ఆయన గీరుకుపోయిన మోచెయ్యి పట్టుకుని నా దగ్గరికొచ్చారు. “ఇప్పుడేమంటావ్?”

“ఇత్తడి బిందెలండీ అవి,” అన్నాను. ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, పక్కన కూర్చుని చీర చెంగుతో మోచెయ్యి తుడిచాను.

పోలీసాయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే పోట్లాడేదాన్నే. నలిగిపోయిన బిందెలు రెండూ తెచ్చి, నా పక్కన పెట్టి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్న మొదటి వాయి దించకముందే పందిరి నేనే విప్పాను. వాసాలు పెరట్లో పేర్చాను. తాటాకు పొయ్యిలోకి పనికొచ్చింది. రాజోలు బస్సు దూరంనుంచే చెయ్యి చూసి ఆగింది. తినడానికి వచ్చినవాళ్ళు కొందరు ఎండలో నిలబడి తిన్నారు, కొందరు చూసి వెళ్ళిపోయారు. మిగిలిన ఇడ్లీలు మధ్యాహ్నానికి మేమే తిన్నాం.