తెగిన చేతికి రంగు పూయనన్న మనిషి

మా మేకప్ మామ పోయాడు. మొన్న పొద్దున పాల ప్యాకెట్ గుమ్మం ముందు అలాగే పడి ఉందని పక్కింటామె తలుపు తట్టింది. నిద్రలోనే పోయాడట. చెన్నై కోడంబాక్కంలో మా సందులో ఆయన ఇంటికీ మా ఇంటికీ ఒకటే గోడ. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే మామ.

మధ్యాహ్నానికి సినిమా జనం దిగారు. బతికున్నన్నాళ్లూ ఆ గుమ్మం తొక్కనివాళ్లు నల్లకళ్లద్దాలు పెట్టుకుని వచ్చారు. దండ వేస్తూ ఫోటో దిగారు. ఫోటో సరిగా రాలేదని ఒకాయన దండ తీసి మళ్లీ వేశాడు. "బంగారంలాంటి చెయ్యి" అని కర్చీఫుతో కళ్లు ఒత్తుకున్నాడు. ఒకప్పుడు మా ప్రొడక్షన్ మేనేజర్ ఆయన. ఆ బంగారు చేతికి పని లేకుండా చేసింది ఆయనే. ఎందుకు చేశాడో అక్కడ ఎవరూ అనలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

నేను డూప్‌ని. హీరో పడాల్సిన చోటల్లా నేను పడతాను. మామ పని ముఖాలకీ చేతులకీ రంగులతో దెబ్బలు వెయ్యడం. అందరూ ఎర్రరంగు పులిమి వదిలేస్తారు. అది చూస్తే మామకి ఒళ్లు మంట. "నిన్న తగిలిన దెబ్బ ఈ పొద్దు గూడా ఎర్రగానే ఉంటుందా? టమాటా తొక్కు పూసుకోనొచ్చినాడు చూడు" అని హీరో వినేలాగే అనేవాడు. కథలో రోజులు గడిచేకొద్దీ ఆయన వేసిన గాయం మానుతూ వచ్చేది. పక్కు నల్లబడేది, చుట్టూ కమిలిన చోట ఊదారంగు పోయి పసుపు తేలేది. హీరోలకి ఇది గిట్టదు. పక్కు కట్టిన ముఖం పోస్టరు మీద అందంగా ఉండదు మరి.

ఆయన పని పోయిన రోజు నేను కిటికీలోంచి దూకాలి. అలాంటి షాట్‌కి పెట్టే ఉత్తుత్తి అద్దం టైముకి రాలేదని మేనేజర్ నిజం అద్దం బిగించి ఎవరికీ చెప్పలేదు. దూకాను. మోచేతి కింద నుంచి మణికట్టు దాకా చీరుకుపోయింది. వేళ్ల మీదుగా రక్తం కారుతుంటే మానిటర్ దగ్గర కూర్చున్న అసోసియేట్ డైరెక్టర్ మామ మీద అరిచాడు.

"ఏంటి సార్ ఇది, ఇంత బ్లడ్ పోశారు? సెన్సార్‌లో పోతుంది. తగ్గించండి!"

మామ నా చెయ్యి చూశాడు. "నేను పొయ్యలేదు సార్. వాడిదే" అన్నాడు.

ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. పొద్దస్తమానం రంగునీళ్ల మధ్య బతికేవాళ్లకి మనిషి రక్తం కూడా మేకప్ తప్పులాగే కనిపిస్తుంది.

అప్పుడు మేనేజర్ వచ్చాడు. తర్వాతి షాట్‌లోనూ హీరో బదులు నేనే, హీరో చేతికి దెబ్బ ఉండకూడదు. "ఏమిప్పా, ఆ రబ్బరు బంక పెట్టి మూసెయ్. మీద స్కిన్ కలర్ కొట్టు. వెలుతురు పోతా ఉంది."

"తెగిన కండ మీద బంక పుయ్యమంటావా?"

"నీకెందుకు పెద్దాయనా? వాడే ఊరకుండాడు."

నేను నోరు ఎత్తితే మర్నాడు పిలవరు. మామ పెట్టె మూశాడు. "నీ సినిమాకి ఇంకో కిటికీ దొరుకుతాది. వీడికి ఇంకో చెయ్యి యాడ దొరుకుతాది?" అని, తువ్వాలు మడిచి గాయం మీద గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకుని, నన్ను ఆటోలోకి తోశాడు. షూటింగ్ ఆగింది. "షూటింగ్ ఆపిన మనిషి" అని మేనేజర్ ఊరంతా చాటాడు. మామకి మళ్లీ ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

గవర్నమెంటు ఆసుపత్రిలో డాక్టరమ్మ గాజు పెంకులు ఏరి, కడిగి, కుట్లు వేసింది. టీటీ సూది వేసింది. "పిడికిలి బిగుస్తుందో లేదో మానాకే చెప్పగలం" అంది. తాడు పట్టుకోలేని డూప్‌కి ఈ ఊళ్లో పని లేదు. మెకానిక్ షెడ్డులో కూడా లేదు.

ఇంటికొస్తే సందంతా వైద్యులే. ఫైటర్లు గాయానికి పుయ్యమని పళ్లపేస్టు తెచ్చారు. మా అమ్మ కాఫీ పొడి డబ్బా తీసింది. మామ గోడ అవతల నుంచి విన్నాడు.

"అది చెయ్యా, డికాషనా? ఆడ పెట్టమ్మా డబ్బా!"

అయినా రెండు కుట్ల దగ్గర చీము పట్టింది. డాక్టరమ్మ ఆ కుట్లు విప్పి, శుభ్రం చేసి, ఆ భాగాన్ని మూయకుండా వదిలేసింది. అడుగు నుంచి కండ నిండుకుంటూ రావాలట. పైన ముందే మూసుకుంటే లోపల మళ్లీ చీము చేరుతుందట. మామ ఇదంతా శ్రద్ధగా విని, బయటికి రాగానే "నువ్వు పప్పు తిన్నావు, అందుకే చీము" అని తేల్చేశాడు. డాక్టరమ్మ పప్పూ గుడ్డూ బాగా తినమంది కదా అంటే, "ఆమెకి కుట్టడం తెలుసు, పప్పు సంగతి ఏం తెలుసు?" అన్నాడు. ఆయన మొండితనమూ తక్కువది కాదు. రోజూ కట్టు మార్పించడానికి తీసుకెళ్లేవాడు, దారి పొడుగునా తిట్టేవాడు. పక్కు దురద పుట్టి గోకబోతే చేతి మీద కొట్టేవాడు. "నీ గోరు లోపల ఏముందో నీకు తెలుసా, ఎదవా?"

కట్టు పూర్తిగా తీసేసిన రోజు ఆయన ఇంట్లోనే పిడికిలి బిగించి చూపించాను. బిగిసింది. శభాష్ అంటాడనుకున్నాను. నా చెయ్యి లాగి కిటికీ గట్టు మీద, ఎండలో పెట్టాడు. గాయం మీద కొత్త చర్మం పలచగా, గులాబీరంగులో మెరుస్తోంది. చాలాసేపు చూసి, మంచం కిందున్న పెట్టె లాగి తెరిచాడు. తన ముంజేతి మీదే రంగులు కలపడం మొదలుపెట్టాడు. ఒక పూత వేస్తాడు, నా చేతి పక్కన పెట్టి చూస్తాడు, "ఊహూ" అంటాడు, దాని పక్కన ఇంకోటి.

"ఇది ఏ సినిమాకి మామా?"

"నోరు ముయ్. చెయ్యి కదపాక."

ఎండ గట్టు దిగి గోడెక్కింది. ఆయన లేచి లైటు వేశాడు. ఆయన మణికట్టు నుంచి మోచేతి దాకా రకరకాల గులాబీ మచ్చలు, ఒక్కటీ నా కొత్త చర్మం రంగుకి సరిపోలేదు. బ్రష్షు తుడుచుకుని, చొక్కా చెయ్యి ఇంకా పైకి మడిచి, మోచేతి పైన మొదలుపెట్టాడు.