పెట్టె మూతలోని పేరు

సాయంత్రం నాలుగుంపావుకు పోస్టుమాన్ వచ్చాడు. సమ్మెలు, కాల్పులు, ఆపైన కర్ఫ్యూ. పజుండౌంగ్‌లో మా వీధికి చాలా వారాల తర్వాత వచ్చిన మొదటి ఉత్తరం అదే. ఐర్లాండు నుంచి. కవరు ఎవరో విప్పి, అన్నం మెతుకులతో మళ్ళీ అతికించారు.

"ఇలాగే వచ్చింది," అన్నాడు బర్మా భాషలో, నా మొహం చూడకుండా.

అమ్మ పోయి అప్పటికి అయిదు నెలలు. ఆమె తండ్రికి తండ్రి ఐరిష్ వాడు. ఓడలో ఇంజను పనికి వచ్చి, సేక్కాన్ రేవులో మూటలు మోసే శ్రీకాకుళం అమ్మాయితో కాపురం పెట్టాడు. కొడుకు పుట్టాక మళ్ళీ కనిపించలేదు. ఒక రేకు పెట్టె మిగిలింది. దాని మూత లోపల ఒక పేరు, ఒక ఊరు అచ్చువేసి ఉన్నాయి. ఏటా మహాలయ అమావాస్యకు మావాళ్ళు ఆ పేరుతోనే తిలోదకాలు వదిలేవారు. గోత్రం తెలియదు కనుక పంతులుగారు కాశ్యప గోత్రం అనేవారు. అమ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు.

"ఆయనెవులో, ఎవుల బిడ్డో కనుక్కోరా. సరైన పేరుతో నీల్లొదులు," అంది చివరి రోజుల్లో. ఆ ఊరి చర్చికి రాశాను. ఇది జవాబు.

అమ్మ చెల్లెలు, మా పిన్ని, నా వెనకే నిలబడింది.

"ఏటి రాసినార్రా?"

"అది మనిషి పేరు కాదట పిన్నీ. ఆ ఊళ్ళో పెట్టెలు చేసే దుకాణం పేరట."

పిన్ని ముందు నోరు తెరిచింది, తర్వాత నవ్వింది. "అయితే ఇన్నాల్లూ పెట్టెలోడికా నువ్వులూ నీల్లూ పోసినాం! ఆడూ ఏటీ ఎరగనట్టు తాగీసినాడు!"

నేనూ నవ్వాను. ఓడ పేరు, సుమారు వయసు రాసి పంపితే అసలు మనిషిని వెతుకుతానని చర్చి ఫాదరు రాశాడు. ఆ రెండూ అమ్మ నాకు చెప్పింది.

"మల్లీ రాస్తావేటి?" పిన్ని నవ్వు ఆపింది.

"అమ్మ అడిగింది కదా."

"మీ అమ్మ పోయింది. నా మనవరాలు బతికుంది. దాని పౌరసత్వం కార్డు కాయితాలు ఆఫీసులో ఉన్నాయి. మన ముందోలంతా ఇక్కడోలేనని రాసిచ్చినాం. ఓడ దిగిన తెల్లోడు మా ముత్తాత అని నువ్వు ఉత్తరం రాసీ, ఆఫీసోల్లు సదువుకుంటారు."

"ఇది విప్పిందెవరు?"

"నాకేటి తెలుసు? నాకు ఇంగిలీసొచ్చా?"

పోస్టాఫీసులో జిగురు ఉంటుంది. మెతుకులు వాడేది ఇళ్ళలో, కొట్లలో. మా కింది టీకొట్టతను ఆ వారం నా దగ్గర టీకి డబ్బు తీసుకోలేదు. అంతకు ముందెప్పుడూ అలా చెయ్యలేదు; అతనే విప్పాడేమో అనుకున్నాను. పిన్నిని కూడా అనుమానించాను. ఆమెకు చదివిపెట్టడానికి మనవరాలుంది.

జవాబు రెండుసార్లు రాశాను, పోస్టు చెయ్యలేదు. ఆ పిల్లకు కార్డు వచ్చాక కూడా చెయ్యలేదు. ఇచ్చిన కార్డు వెనక్కి తీసుకోగలరు. తర్వాత వచ్చిన మహాలయ అమావాస్యకు పంతులుగారు పేరు అడిగితే దుకాణం పేరు చెప్పలేకపోయాను. నాకు తెలిసిన పేరు ఇంకొకటి లేదు.

అమ్మ తాతకు మా ఇంట్లో ఇప్పుడు నీళ్ళు వదలడం లేదు.