గ్రహాంతర రాణికి నాలుగు నిమిషాలు

2011 జూన్ మొదటివారంలో చిక్కడపల్లిలోని ఒక ప్రచురణ సంస్థ నన్ను అనుబంధ నవలల విభాగంలో సహాయ సంపాదకురాలిగా నియమించింది. విభాగమంటే కిటికీ పక్కన ఒక బల్ల, దాని ముందు నేను. టీవీ ధారావాహికలోని పాత్రలను తీసుకుని, టీవీలో రాని కథలను పుస్తకాలుగా వెయ్యడం మా పని. రచయిత్రిని కూడా నేనే కాబట్టి, నా రాతప్రతిని నేనే పరిశీలించి, కటువైన వ్యాఖ్యలతో నాకే తిప్పి పంపుకునేదాన్ని. 2014లో ధారావాహిక ఆగిపోవడంతో ఆ వృత్తి ముగిసింది. ఇరవై ఆరేళ్లకే విశ్రాంత ఉద్యోగినినయ్యానని ఇంట్లో ఇప్పటికీ వచ్చినవాళ్లకు పరిచయం చేస్తుంటారు.

మాది అంతరిక్ష కథ. భూమి నుంచి వెళ్లిన కెప్టెన్ ధీర ఒక పరాయి గ్రహంలో మనుషుల కాలనీకి నీళ్ల కోసం ఆనకట్ట కడతాడు. దాని వెనక మునిగిపోయే ప్రాంతానికి రాణి ఇరావణి. ఆమె ఆనకట్టను పగలగొడుతుంది. కెప్టెన్ ఆమెను పట్టుకుంటాడు. ఛానల్ ఇచ్చిన నియమావళి ప్రకారం పుస్తకం చివర అన్నీ యథాస్థానానికి రావాలి. కెప్టెన్ గెలవాలి, ఆనకట్ట నిలవాలి, రాణి బతికుండాలి, ఎందుకంటే వచ్చే ఆదివారం ఆమెతో మళ్లీ పని ఉంటుంది.

నేను నారాయణగూడ కాలేజీలో మూడేళ్లు డిబేట్ చేసినదాన్ని. అక్కడ ఎవరిది ఏ పక్షమో చీటీ తీసి నిర్ణయిస్తారు. చీటీలో ఏది వస్తే దాన్నే నమ్మినట్టు వాదించాలి. ఇద్దరికీ చెరి నాలుగు నిమిషాలు. ప్రతిపక్షం మాట వినకుండా శిక్షించడం నాకు అన్యాయంగా తోచింది. అందుకని మూడో నవలలో ఒక విచారణ ఘట్టం పెట్టి, రాణికి నాలుగు నిమిషాలు, కెప్టెన్‌కు నాలుగు నిమిషాలు కేటాయించాను. స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదివి సరిచూశాను. రాణి ప్రసంగం ఎనిమిది అంశాలతో, ఉపసంహారంతో, "గౌరవనీయ అధ్యక్షా" అన్న సంబోధనతో సహా అద్భుతంగా కుదిరింది. ఇబ్బందల్లా, దానికి కెప్టెన్ చేత జవాబు చెప్పించడం నాకు చేతకాలేదు. రెండు నిమిషాల పది సెకన్లకే అతని దగ్గర సరుకు అయిపోయింది.

సంస్థ యజమాని నరహరి గారు చదివి కళ్లద్దాలు తీశారు. "రాణి ఇంత మాట్లాడుతుంటే మన కెప్టెన్ ఏం జేస్తుండమ్మా, చాయ్ తాగుతుండా?" అని అడిగారు. ఛానల్ అనుమతుల అధికారి ఆ ప్రసంగం మూలంగా నవలను అప్పటికే రెండుసార్లు తిప్పి పంపారు. శనివారం మూడోసారి కూడా తిరిగొస్తే ఒప్పందం రద్దవుతుందనీ, నా బల్ల పదో తరగతి గైడ్ల విభాగానికి వెళ్తుందనీ ఆయన మృదువుగా తెలియజేశారు. రాణి ప్రసంగం కొట్టేస్తే గట్టెక్కేదాన్ని. న్యాయం కోసం కొట్టెయ్యనని ఇంట్లో చెప్పాను. నిజానికి ఆ ఎనిమిది అంశాల మీద నాకు మోజు.

మాకు ప్రూఫులు దిద్దేది స్వరూప. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్-వన్‌కు చదువుకుంటూ, ఒంటిపూట మా దగ్గర పనిచేసేది. గురువారం ఆమె తిరిగిచ్చిన ప్రతిలో, రాణి ప్రసంగం పక్కన, పరీక్ష పేపరు దిద్దినట్టు "పదికి ఏడు" అని రాసి ఉంది. మిగిలిన మూడు మార్కులు ఎందుకు పోయాయని, కొంచెం నొచ్చుకునే అడిగాను.

"అక్కా, ఈమె గెలవనీకి మాట్లాడుతుంది," అంది. "ఊరు మునుగుతదంటే ఎవరన్న ఎనిమిది పాయింట్లు చెప్తరా?"

ఆమె సొంత ఊరు ఒక రిజర్వాయరు కింద పోయిందని అప్పుడే నాకు తెలిసింది. సర్వేకు వచ్చిన ఇంజినీరుకు వాళ్ల నాయనమ్మ అన్నం పెట్టిందట. ఆయన తల దించుకుని తిని, తన ఊళ్లో తాగునీళ్లు ట్యాంకరు మీద వస్తాయని చెప్పాడట. అయితే ఆయన చెడ్డవాడు కాడన్నమాట, అన్నాను.

"మంచోడే. గదే పరేషాన్. చెడ్డోడైతే మా నాయనమ్మకు జర అల్కగుంటుండె. మంచిగ తిట్టుకుంటుండె."

తర్వాత పరిహారం దరఖాస్తుకు, ఆ ఊళ్లోనే ఉంటున్నట్టు ధ్రువపత్రం మూడు ప్రతుల్లో జతచెయ్యమన్నారట. అది ఇచ్చే కార్యాలయం అప్పటికే ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయింది. నాయనమ్మ పడీపడీ నవ్విందట.

శుక్రవారం విచారణ ఘట్టం మొత్తం తీసేశాను. నాయనమ్మను రాణిని చేస్తానంటే స్వరూప ఒక్కటే షరతు పెట్టింది: అన్నంలోకి కూర తక్కువైందని రాయకూడదు. కొత్త ఘట్టంలో రాణి కెప్టెన్‌కు భోజనం పెట్టింది. ఆమెకు రెండే మాటలు మిగిలాయి: "మీ పిల్లలకు దాహమని తెలుసు. మావాళ్లు ఎక్కడ పడుకోవాలో చెప్పు." కెప్టెన్ దగ్గర ఉన్నది పరిహారం దరఖాస్తు ఫారం. అదే ఇచ్చాడు. తర్వాతి అధ్యాయంలో ఆమె ఆనకట్ట పగలగొట్టింది, అతను ఆమెను పట్టుకుని, ఆనకట్టను మళ్లీ కట్టించాడు. నియమాలన్నీ నెరవేరాయి.

శనివారం బషీర్‌బాగ్ కార్యాలయంలో అనుమతుల అధికారి శేషుబాబు గారు ఎర్ర పెన్సిల్‌తో ఆసాంతం చదివారు.

"రాణిగారి నవ్వేదండీ?" అన్నారు. ప్రతి పుస్తకంలోనూ ప్రతినాయిక ఒకసారైనా బిగ్గరగా నవ్వాలన్నది నియమమట. పిల్లలు దానికోసమే చూస్తారట. చేదుగా ఉంటుందేమోనని నాయనమ్మ నవ్వును నేనే వదిలేశాను. అక్కడే కూర్చుని, ఫారంలో "ప్రస్తుత నివాసం, ఆధారాలు మూడు ప్రతుల్లో" అన్న గడి దగ్గర రాణిని నవ్వించాను.

చదివి ఆయనా నవ్వారు. మళ్లీ చదివారు, ఈసారి నవ్వలేదు. "ఇంతకీ తప్పెవరిదంటారు?" అని అడిగారు. నాకు తెలియదని చెప్పాను. ఆయన సంతకం పెట్టారు.

అవతలి పక్షానికి చోటు ఇవ్వడం ఈ పనిలో తేలికైన భాగం. వాళ్లకు ఏం పోతుందో తెలుసుకోకుండా ఎంతసేపు మాట్లాడించినా వినిపించేది రచయిత గొంతే. గెలవాల్సినవాణ్ని గెలిపించడానికి నియమావళి ఎలాగూ ఉంటుంది. ఓడేవారి మాట వాళ్లదిగానే ఉండేలా చూడడానికే సంపాదకులకు జీతం.