ఎవురన్నా తొక్కినారా?

చిక్కబళ్ళాపురంలో నడుమునొప్పులకు వెన్నులో సూదేసే ఆ డాక్టరు, ఎవరు చూపించుకునేదానికి పోయినా ముందు అడిగేది ఒకటే: "ఎవురన్నా తొక్కినారా?" జవాబు వచ్చేదాకా మన కాళ్లనే చూస్తా ఉండేవాడు. స్కానింగు ఫిల్ము ఆ తర్వాతే.

మా అమ్మకు పాలక్యాను ఎత్తబోతే నడుము పట్టేసింది. కాళ్లు ముందుగా పుట్టినోళ్లు నడుము తొక్కితే పట్టు వదులుతాదని మా ఊరు మండికల్లులో నమ్మకం. అట్లాంటి ఒకాయనతో తొక్కించుకుంది. మర్నాడు ఎడమకాలి చెప్పు జారిపోయినా ఆమెకు తెలీలేదు. నేను ఆ డాక్టరు దగ్గరికి పిల్చుకొని పోయినాను.

"తొక్కినారప్పా," అంది అమ్మ, బల్ల మీద బోర్లా పడుకొని.

డాక్టరు ఆమె కాలివేళ్లు ఒక్కొక్కటే పట్టుకొని, "ఇది తెలుస్తా ఉండాదా?" అని అడిగినాడు. బొటనవేలు దగ్గర అమ్మ పలకలేదు.

"సూదంటే భయమప్పా," అని అమ్మ ఏడ్చింది.

ధైర్యం చెప్పాలనుకున్నాడేమో, "నేనూ కాళ్లు ముందుగా పుట్టినోణ్ణేమ్మా. చిన్నప్పుడు మా ఊర్లో అందరూ నాతోనే తొక్కించుకునేవాళ్లు," అన్నాడు.

అమ్మ ఆశగా తల తిప్పింది. "అట్లయితే సూదెందుకప్పా? నువ్వే ఒకసారి తొక్కు."

ఆయన గోడ దాకా వెనక్కి పోయినాడు. "మా అవ్వ కూడా ఇట్లే అడిగిందమ్మా. మళ్లీ లెయ్యలేదు."

అమ్మ మొహం బల్లకు ఆనించుకుంది. కాసేపటికి ఆయన సూది చేతికి తీసుకున్నాడు. దాని మొన వణుకుతా ఉంది. అమ్మకు అది కనిపించలేదు. నాకు కనిపించింది.