స్పీడ్ టెస్టులో నూరు, క్లాసులో సున్నా

2023వ సంవత్సరం, వానాకాలం. అప్పుడు నేను రాజోలు చుట్టుపక్కల ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే ఒక లోకల్ కంపెనీలో లైన్లు చూసే పని చేస్తున్నాను. అంతకుముందు చాలా ఏళ్లు కేబుల్ టీవీ పని. ఎనిమిదో తరగతిలో బడి మానేసి స్తంభాలెక్కడం మొదలుపెట్టాను. లెక్కల మాస్టారు నన్ను వదిలించుకున్నారా, నేనే ఆయన్ని వదిలేశానా అన్నది ఇప్పటికీ తేలలేదు గాని, ఇద్దరం సుఖపడ్డాం.

మా పనిలో బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. నెట్ స్లోగా ఉందని ఫిర్యాదు వస్తే మేం వెళ్లి రౌటర్ పక్కన నిలబడతాం. రౌటర్ అంటే వైఫై ఇచ్చే కొమ్ముల డబ్బా. ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ నొక్కుతాం. కస్టమరు తీసుకున్న ప్లానుకు దగ్గరగా అంకె వచ్చిందంటే దాన్ని ఫోటో తీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెడతాం. అంతటితో ఫిర్యాదు క్లోజ్. ఆ ఫోటో తీసేటప్పుడు కస్టమరు మొహం ఎలా ఉందని గ్రూపులో ఎవరూ అడగరు.

తాటిపాకలో సునీత గారింట్లో ఒక్క నెలలో అలాంటి ఫోటోలు మూడు తీశాను. ఆవిడ లెక్కల టీచరు. ప్రైవేటు బడి మానేసి, ఒక ట్యూషన్ కంపెనీ తరఫున కువైట్‌లో ఉండే మన తెలుగు పిల్లలకు ఇంట్లోంచే వీడియోలో పాఠాలు చెబుతారు. ఆ పిల్లలు బడి నుంచి వచ్చి కూర్చునేసరికి ఇక్కడ సాయంత్రం ఆరున్నర. సరిగ్గా ఆ వేళకే తెర మీద బొమ్మ ఎక్కడిదక్కడ ఆగిపోయేది. భర్తకు గ్యాస్ పనుల్లో కాంట్రాక్టు అయిపోయి ఇంకో పని దొరకలేదు. ఇల్లంతా ఆవిడ క్లాసుల మీదే నడుస్తోంది. ట్యూషన్ కంపెనీ వాళ్లు ఆఖరి మాట చెప్పేశారు: శుక్రవారం క్లాసుని పైవాళ్లలో ఒకరు కూర్చుని చూస్తారు, ఆ రోజు కూడా తెగితే టీచర్ల జాబితాలోంచి పేరు తీసేస్తారు.

నాలుగోసారి నేను వెళ్లింది సోమవారం సాయంత్రం.

"మీ ఫోటోలో స్పీడు బాగానే ఉందండీ. నా పిల్లల మొహాలే రావట్లేదు," అన్నారు సునీత గారు.

"వర్షాలు కదండీ. వైరు మీద కొబ్బరిమట్ట పడుంటాది."

"మొన్న మట్టన్నారు. అంతకుముందు ఉడత కొరికిందన్నారు. ఈసారి పీత కొరికిందంటారా?"

నేను నవ్వేసి ఫోను తీస్తుంటే అరుగు మీంచి వాళ్లత్తగారు రత్నమ్మ గారు అందుకున్నారు. "ఫోటోలు తీసుకోడానికి ఇదేవన్నా పెళ్లిల్లేంటిరా అబ్బాయ్? ఇయ్యాళ క్లాసయ్యేదాకా కూర్చో. కదుల్దావనుకున్నా కదల్లేవు. నీ బండి తాళం నా దగ్గరుంది."

జేబు తడుముకున్నాను. నిజమే, అరుగు మీద పెట్టిన తాళం ఆవిడ కొంగున ముడిపడి ఉంది.

సరేనని గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. పాఠం భిన్నాలు. ఇన్నేళ్లు నేను తప్పించుకు తిరిగిన భిన్నాలు తాటిపాకలో దొరకబుచ్చుకున్నాయి. పావుగంట గడవకుండానే అవతల ఒక పిల్లాడు "టీచర్, మీరు కదలట్లేదు" అన్నాడు. వెంటనే స్పీడ్ టెస్ట్ నొక్కాను.

"ఎంతొచ్చిందండీ?" అని అడిగారు సునీత గారు.

"తొంభై ఎనిమిదండీ."

"నూటికేనా? మరి నా క్లాసుకెంత వేస్తారండీ?"

సున్నాయే అనుకుంటూ ఫోను జేబులో పెట్టేశాను.

క్లాసు ఎలాగో గట్టెక్కాక, మండపేటలో ఉన్న సునీత గారి చెల్లెలికి వీడియో కాల్ చేయించాను. అదీ ఆగిపోయింది. అప్పుడు వీపీఎన్ పెట్టి చూశాను. వీపీఎన్ అంటే మన డేటాకు ముసుగేసి పంపే యాప్. లోపల వెళ్తున్నది వీడియోనా ఇంకోటా అన్నది మధ్యలో నెట్ కంపెనీకి తెలియదు. ముసుగు వేయగానే, అదే వైరు మీద, అదే డబ్బాలోంచి, చెల్లెలు గారు అద్దంలో చూసినట్టు కనిపించారు. ముసుగు తీస్తే మళ్లీ ఆగిపోయారు. ట్యూషన్ సైటు ముసుగుతో వస్తే లోపలికి రానివ్వదు కాబట్టి అది శాశ్వతమైన మందు కాదు. కానీ జబ్బేమిటో తెలిసిపోయింది. వీధిలోకి వెళ్లి మా ఆఫీసు ఇంజనీరు గారికి ఫోన్ చేశాను.

"సార్, సాయంత్రాలు వీడియో కాల్స్‌ని గానీ తగ్గించేరా?"

"ఆయ్. ఆరు నుంచి పదిదాకా కొంచెం నొక్కేం. జనం పెరిగేరు, పైనుంచొచ్చే లైను చాలట్లేదు."

"మరి స్పీడ్ టెస్టు?"

"అది నొక్కితే కంప్లైంట్లు వస్తాయి కదయ్యా!"

దీన్నే మా భాషలో థ్రాట్లింగ్ అంటారు. తోటకు నీళ్లు పెడుతుంటే ఎవరో పైపును కాలితో తొక్కిపట్టడం లాంటిది. సునీత గారొక్కరికైనా ఆ కాలు తీయమని బతిమాలాను. ఒక్కరికని విడిగా తీయడం కుదరదన్నారు.

లోపలికి వచ్చే ఆ పది అడుగుల్లో వంద ఆలోచనలు. ఆ వీధిలో సగం ఇళ్లు చర్చిలో రత్నమ్మ గారు చెప్పిన మాట మీద మా కనెక్షన్ పెట్టించుకున్నవే. నిజం చెబితే అవన్నీ పోవచ్చు. ఇంకో ఉడత పేరు చెప్పి బయటపడొచ్చు. కాని శుక్రవారానికి ఇంకా నాలుగు రోజులే ఉంది.

"తప్పు మీ వైరుది కాదండీ, మా కంపెనీది. వేరే కనెక్షన్ తీసుకోండి," అన్నాను.

"అంటే దొంగవి నువ్వేనన్నమాట!" అన్నారు రత్నమ్మ గారు.

"దొంగను కాదండీ, దొంగ దగ్గర జీతగాణ్ణి."

ఆవిడ కొంగు ముడి విప్పి తాళం నా చేతిలో పెట్టారు.

ఇక ఏ కంపెనీ అన్నది ప్రశ్న. కరపత్రాలన్నిటి మీదా అన్‌లిమిటెడ్ అనే ఉంటుంది. కింద చీమంత అక్షరాల్లో ఎఫ్‌యూపీ అని ఒక ముక్క ఉంటుంది. ఇంత డేటా వాడాక స్పీడు కోసేస్తాం అని దానర్థం. సునీత గారు కరపత్రాలు పక్కన పెట్టేసి, "పరీక్ష పెడదామండీ" అన్నారు. వేరే కంపెనీల కనెక్షన్లున్న ఇళ్లకు ఆరున్నరకు ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి, చెల్లెలితో గంటసేపు వీడియోలో మాట్లాడాలి. ఆవిడకు మళ్లీ క్లాసు శుక్రవారమే.

మంగళవారం వాళ్ల చర్చిలో పాటలు పాడే ఆయన ఇంటికి వెళ్లాం. టీ ఇచ్చారు, జంతికలు పెట్టారు, కాల్ ఒక్కసారి కూడా ఆగలేదు. "ఇదే తీసేసుకుంటానండీ" అని సునీత గారు లేవబోతుంటే నాకు అనుమానం వచ్చింది. ఏడయింది, ఇంట్లో ఆరుగురున్నారు, టీవీ మోగడం లేదు. ఒక్కరి చేతిలోనూ ఫోన్ లేదు. కోనసీమలో ఇలాంటి ఇల్లు నేను చూడలేదు.

"సీరియల్ చూడరాండీ?" అని అడిగాను ఆ ఇంటావిణ్ణి.

"భలేవారే! టీచరు గారు పని మీదొస్తే మనం నెట్ వాడేస్తే బాగుంటాదేంటండీ? అందరిచేతా ఆపించేశాను."

"వాడండమ్మా! మీకు దణ్ణం పెడతాను, వాడండి!"

మొహమాటపడుతూనే టీవీ పెట్టారు. పిల్లలు ఫోన్లు తీశారు. రెండు నిమిషాల్లో చెల్లెలు గారు నోరు తెరిచినట్టే తెర మీద ఆగిపోయారు. అప్పుడు ఇంటాయన మెల్లగా అన్నాడు, "పదిహేనో తారీకు దాటితే మాకింతేనండీ. లిమిట్ అయిపోద్ది. ఇంటికొచ్చినవాళ్లతో చెప్తే బాగోదని..."

మర్యాద మమ్మల్ని ముంచేసేదే.

బుధవారం ఒక టైలరు గారింటికి వెళ్తూనే చెప్పేశాను, టీవీ, ఫోన్లు, అన్నీ పెట్టండి, మొహమాటం వద్దని. గంటంతా సాఫీగా సాగింది. ఆ కనెక్షన్ ఎవరిదయ్యా అంటే ఇంకో కంపెనీకి లైన్లు చూసే నా పాత ప్రత్యర్థి వీరబాబుది. ఒకే స్తంభం మీద వాడి వైరూ నా వైరూ పక్కపక్కన ఉన్నా మేమిద్దరం మాట్లాడుకుని రెండేళ్లు. ఫోన్ చేశాను.

"నీ కస్టమర్ని నాకిస్తున్నావా?" అన్నాడు. "ఏరా, ఆ ఇంట్లో దెయ్యం గానీ ఉందా?"

"దెయ్యం లేదు గాని వాళ్లత్తగారున్నారు. ముందిది చెప్పు, సాయంత్రాలు వీడియోని నొక్కుతారా?"

"మేం నొక్కం."

"లిమిట్ ఎంత? దాటితే స్పీడెంత? ఇక్కణ్ణుంచి బొమ్మ అటు వెళ్లే స్పీడు, అదే అప్‌లోడ్, ఎంత? అన్నీ కాయితం మీద రాసి సంతకం పెట్టివ్వు."

"పెళ్లి సంబంధానికి కూడా ఇన్నడగలేదురా నువ్వు," అన్నాడు. రాసిచ్చాడు.

గురువారం వానలోనే ఇద్దరం కలిసి వైరు లాగాం. శుక్రవారం ఆరున్నరకు సునీత గారు తలుపు మూశారు. అరుగు మీద రత్నమ్మ గారు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నారు. వీరబాబూ నేనూ తలుపుకు చెవులు పెట్టి కూర్చున్నాం. లోపల ఆవిడ గొంతు ఎక్కడా తెగకుండా వినిపిస్తోంది. మధ్యలో ఒకసారి గొంతు ఆగితే వీరబాబు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆవిడ మంచినీళ్లు తాగుతున్నారు.

గంట తర్వాత తలుపు తీశారు. కళ్లల్లో నీళ్లున్నాయి.

"ఏవన్నారే?" అన్నారు రత్నమ్మ గారు.

"ఉంచుతారంటండీ అత్తయ్యగారూ. ఒక్కసారి కూడా ఆగలేదు."

ఆ పూట పోయింది నా కస్టమరే అయినా, వీరబాబు కంటే నేనే గట్టిగా ఊపిరి వదిలాను.

ఆ కేసు నాకు నేర్పింది చిన్న విషయమే. కనెక్షన్ మంచిదా కాదా అని తేల్చాల్సింది డబ్బా పక్కన నిలబడి కాదు, కస్టమరు పని పక్కన కూర్చుని. ఇప్పుడు ఎవరు కొత్త కనెక్షన్ అడిగినా ముందు "ఏ వేళప్పుడు ఏం పనికండీ?" అంటాను. ఆ పనికి మాది సరిపోదనిపిస్తే ఆ మాటే చెబుతాను.

ఆ తర్వాతి సోమవారం ఆఫీసులో సునీత గారి కనెక్షన్ తీసేసినట్టు ఫారం నింపాల్సి వచ్చింది. కారణం అన్నచోట మేమంతా 'ఇల్లు మారారు' అని రాయడం అలవాటు. నేను 'తప్పు మనదే' అని రాసిచ్చాను. ఇంజనీరు గారు అది రెండుసార్లు చదివి, నా వైపు చూసి సంతకం పెట్టేశారు.