మూడో రోజు జెండా

ఇన్నేళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నాకేమీ కారు కాబట్టే మీ దగ్గర నోరు విప్పగలుగుతున్నానేమో.

అప్పుడు నేను ఖతార్‌లో, ముఐథర్‌లో ఒకరింట్లో పిల్లల్ని చూసుకునేదాన్ని. వరల్డ్ కప్ వస్తోందని ఎక్కడ చూసినా రోడ్లు తవ్వి పోస్తున్నారు. ఇంట్లో అరబ్బీ, వంటమనిషితో వచ్చీరాని హిందీ. శుక్రవారం ఒక్కరోజే మా వాళ్ళకి ఫోను. మిగతా ఆరు రోజులూ తెలుగు వినపడేది కాదు. స్నానం చేస్తూ నాతో నేనే మాట్లాడుకునేదాన్ని. నవ్వకండి.

ఆ వేసవి సెలవుల్లో ఒక స్కూల్లో నాలుగు రోజుల ఆటలు పెట్టారు. కుటుంబమంతా కలిసి ఆడాలి. మ్యాప్ పట్టుకుని ఏసీ వరండాల్లో, మెట్ల కింద, గదుల మూలల్లో కట్టిన నారింజరంగు జెండాలు వెతుక్కుంటూ పోవాలి. ప్రతి జెండా దగ్గరా కార్డుకు చిల్లు వేసుకోవాలి. ఆ ఇంటి మేడమ్ కాఫీ తాగుతూ కూర్చునేది. కుటుంబమంటే నేనూ, ఇద్దరు పిల్లలూ.

మొదటి రోజు నేను తెలుగులో మెట్లు లెక్కపెట్టుకోవడం విని, జెండాలు కట్టే మనిషి ఆగిపోయాడు. జగిత్యాల వైపు అతను. లుసైల్‌లో బిల్డింగ్ పనిలో నడుం పట్టేస్తే కంపెనీ ఇక్కడికి పంపిందట. ఈ నాలుగు రోజులూ సరిగ్గా చేస్తే ఎండాకాలమంతా లోపలి డ్యూటీలోనే ఉంచుతానని సూపర్‌వైజర్ మాటిచ్చాడట. ఎదురుపడినప్పుడల్లా నాలుగు మాటలు. ఏం తిన్నావు, మీ వైపు వానలు పడ్డాయా. వాటికే నా కడుపు నిండిపోయేది.

మూడో రోజు పొద్దున మెట్ల కింద జెండా కట్టి, నన్ను చూసి చెయ్యి ఊపి, పనుందని పై అంతస్తుకు వెళ్ళిపోయాడు. జెండా కనపడకపోతే వచ్చి చూడాల్సింది అతనే. వస్తే ఇంకో నాలుగు మాటలు. పిల్లలు కార్డుకు చిల్లు వేసుకుని ముందుకు పరుగెత్తాక దాన్ని విప్పి నా సంచిలో పెట్టుకున్నాను. అతని పనికి ముప్పని నాకు తెలియదా? తెలుసు. కాసేపేగా, మళ్ళీ కట్టేయొచ్చులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వచ్చాడు. ఒక్కడే రాలేదు. పక్కన సూపర్‌వైజర్, వెనక జెండా దొరక్క ఓడిపోయామని కేకలేస్తున్న ఒక తండ్రి.

"చెల్లె, పొద్దుగాల నేను గీడ జెండ కట్టంగ నువ్వు సూసినవ్ గదా. జెర సార్‌కు చెప్పు," అన్నాడు.

సూపర్‌వైజర్ నా వైపు తిరిగాడు. అటునుంచి మేడమ్ వస్తోంది. సంచి నా భుజానికే ఉంది.

"మాలూమ్ నహీ," అన్నాను.

తెలియదని. అదీ హిందీలో. ఎవరి తెలుగు కోసం ఆ పని చేశానో అతనికి తెలుగులో జవాబు కూడా ఇవ్వలేదు. సూపర్‌వైజర్‌కి అర్థం కావాలనా, లేక ఆ అబద్ధానికి తెలుగులో నోరు రాకనా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అతను ఒక్కసారి నన్ను చూసి, నడుం పట్టుకుని మెల్లగా వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు జెండాలు ఇంకెవరో కట్టారు. అతన్ని మళ్ళీ లుసైల్ పంపేశారని చెప్పారు. ఆ ఎండల్లోకి, ఆ నడుంతో. మా పిల్లలకి మెడల్ వచ్చింది. నేను చప్పట్లు కొట్టాను.

పేరు అడగలేదు నేను. అన్నయ్యా అంటే సరిపోయేది. ఇప్పుడు వెతుకుదామన్నా ఏమని వెతకను? క్షమించమని అడిగే మొహం నాకు లేదు. ఆ రోజు అనాల్సిన మాట ఒక్కసారి బయటికి అంటే చాలు, కాస్త ఊపిరాడుతుంది.

నువ్వు కట్టావన్నయ్యా. నేను చూశాను. విప్పింది నేనే.