మీసాల చిన్నభార్య

మొన్న మా మనవడు ఫోన్‌లో ఏదో పాత సినిమా చూస్తూ, "నానమ్మా, ఇది నువ్వు చూసినవా? క్లాసిక్ అంటాండ్లు అందరు," అన్నాడు. చూద్దును గదా, తెర నిండా మా పెదబాపు, మా నాన్నకు అన్న! నుదుట రూపాయంత బొట్టు, ముక్కుకు బులాకీ, దాని కింద గుబురు మీసం.

పెదబాపుది నెక్కొండ పక్క పల్లె. మిర్చి పండించేవాడు. కోతలయ్యాక ఊళ్లో ఆడే సవతుల పోట్లాట యక్షగానంలో చిన్నభార్య వేషం ఎప్పుడూ ఆయనదే. ఆటంతా నవ్వులే గానీ, మొగుడు ఇంటికి రాని రాత్రి చిన్నభార్య పాడే పాటకు మాత్రం ఆడవాళ్లు కళ్లొత్తుకునేవారు. ఆ ఒక్క పాట కోసమే ఆయన ఏడాదంతా బతికేవాడు. వేషం కట్టే రోజు పొద్దున్నే మీసం తీయించుకునేవాడు.

డెబ్బైల చివర్లో పట్నం నుంచి గడ్డం దర్శకుడొకడు దిగి, ఆ ఆటనే సినిమాగా తీస్తానన్నాడు. అదేదో కొత్తరకం సినిమాయట. మంగలిని పిలవబోతున్న పెదబాపును ఆపి, "మీసం ఉండనీయండి, నాకు కావలసింది అదే," అన్నాడు. పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. పెదబాపు మాత్రం, "పాట అందుకున్నంక మీసమెవనికి కనపడ్తదే?" అని కొట్టిపారేశాడు. పెట్రోమాక్సు వెలుగులో దూరంగా చాపల మీద కూర్చున్నవాళ్లకు నిజంగానే కనపడదు. కెమెరా మూతి దగ్గరికి వస్తుందని ఆయనకేం తెలుసు!

సినిమా మట్టెవాడ దగ్గరి హాల్లోకి వచ్చింది. ఊరంతా ట్రాక్టర్లెక్కి వెళ్లాం. మొదట జనం నవ్వుతుంటే పెదబాపు మురిసిపోయాడు, నవ్వించే ఆటే గదా. ఇంతలో ఆ పాట వచ్చింది. హాలంతా ఈలలు, కేకలు. "ఏ పిల్లా, మీసం దువ్వుకోయే!" అని ఎవడో అరిచాడు. చీకట్లో తన పాటను తానే పెదవులతో పాడుకుంటున్న పెదబాపు పక్కకు తిరిగాడు. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వుతోంది. ఆయన పెదవులు ఆగిపోయాయి. ఆ నవ్వుకు నేను పెద్దమ్మను ఇప్పటికీ క్షమించలేదు.

మరుసటి ఏడు మీసం తీయించుకొని ఆటకు వస్తే, మేళం పెద్ద తల దించుకొని, "జర ఏమనుకోకే అన్నా. నిన్ను జూస్తెనే నవ్వుతాండ్లు, పాట ఇంటలేరు. నువ్వు తాళాలు వట్టు," అన్నాడు. పట్టాడు. కొత్త చిన్నభార్య పాటకు ఆడవాళ్లు ఎప్పటిలాగే ఏడ్చారు, పెద్దమ్మ అందరికంటే ఎక్కువ.

పెదబాపు మళ్లీ పాడలేదు, మీసమూ పెంచలేదు. మా వైపు తల్లో తండ్రో పోతేనే మగవాళ్లు మీసం తీస్తారు. అందుకని పొరుగూళ్ల వాళ్లు ఆయనను చూసినప్పుడల్లా, "అయ్యో, ఎవలు పోయిండ్లే?" అని అడిగేవారు. ఆయన తన దారిన సాగిపోయేవాడు. ఆయన నున్నటి ముఖంతో పాడిన రాత్రులన్నిటినీ తుడిచేసిన కాలం, ఆ ఒక్క మీసాన్ని మాత్రం భద్రంగా దాచిపెట్టింది.